ఏట్టయ్య టోపీ మీది గండభేరుండం

ఏట్టయ్య పోయిన సంగతి నాకు నాలుగో రోజు తెలిసింది. మా ఊరి కోరమండల్ రైల్వే స్టేషన్లో బెంగళూరు బండి కోసం నిలబడి ఉంటే సరోజ చెప్పింది. సరోజ ఒకప్పుడు నా దగ్గర ఐదో తరగతి చదువుకున్న పిల్ల. ఇప్పుడు నడివయసు మనిషి. రోజూ ఆ బండిలోనే బెంగళూరులో ఒక బట్టల ఫ్యాక్టరీకి పనికి పోయి వస్తుంది.

"టీచర్, ఏట్టయ్య పొయినాడు. ఆదివారం, లక్కూరులో. మీకు ఎవురూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినంత చుట్టరికం మా మధ్య ఉందని ఎవరికీ తెలియదు. బండి వచ్చింది. సరోజ ఎక్కింది. నేను ఎక్కలేదు. ఆ రోజు బెంగళూరులో పనేమిటో కూడా ఇప్పుడు గుర్తు లేదు.

మా కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో హెడ్ కానిస్టేబుల్‌ను ఏట్టయ్య అంటారు. అది తమిళం నుంచి మాకు వచ్చిన పిలుపు. ఊళ్లో ఏట్టయ్యలు చాలామందే ఉండేవారు. కానీ మా స్కూలు పిల్లలు ఏట్టయ్య అంటే మాత్రం ఆయన ఒక్కడే. గనులు సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్లయింది, మూతపడడానికి ఇంకా కొన్నేళ్లుంది, ఆ రోజుల మాట. పొద్దున గంట కొట్టేటప్పుడూ, సాయంత్రం వదిలేటప్పుడూ మా స్కూలు ముందర రోడ్డు మీద నిలబడి పిల్లలను దాటించేవాడు. ఆ పని ఆయనకు ఎవరైనా అప్పగించారో, తనే పెట్టుకున్నాడో నేనెప్పుడూ అడగలేదు.

సన్నటి మనిషి. మీసం కూడా సన్నమే. గొంతు మాత్రం పెద్దది. దాన్ని చాలా తక్కువగా వాడేవాడు. పిల్లలందరూ లోపలికి పోయాక మా వరండాలోకి వచ్చి ఒక లోటా నీళ్లు తాగేవాడు. తాగేముందు టోపీ తీసేవాడు. అప్పట్లో మా పోలీసుల టోపీకి ఒక పక్క అంచు పైకి మడిచి ఉండేది. ఆ మడత మీద ఇత్తడి బిళ్ల. ఆ టోపీని ఆయన నేల మీద పెట్టగా నేను చూడలేదు. ఒళ్లో పెట్టుకునేవాడు, బిళ్ల ఎదుటివాళ్ల వైపు ఉండేలా. చింతపండూ ఇటుక పొడీ వేసి తోమేవాడో ఏమో, దాని మీద పడిన ఎండ వరండా పైకప్పుకు తగిలి ఆడేది.

బిళ్ల మీద పైన సింహాలు, నడుమ గండభేరుండం. ఒకే ఒంటికి రెండు తలలున్న పక్షి. ఒక తల అటు, ఒక తల ఇటు చూస్తుంది.

"మైసూరు రాష్ట్రం అనే కాలంలో చేరినానమ్మా నేను. రాష్ట్రం పేరు మారింది. గనుల దొరలు పొయినారు, సర్కారు వచ్చింది. గేట్ల మీద బోర్డులన్నీ మార్చినారు. ఈ పక్షిని మాత్రం ఎవురూ మార్చలేదు," అనేవాడు.

పిల్లలకు ఆ పక్షి అంటే మహా ఇది. దానికి రెండు తలలు ఎందుకని రోజుకు ఒకడు అడిగేవాడు. రోజూ అడిగినా ఆయన మొదటిసారి విన్నట్టే వినేవాడు. జవాబు చెప్పే ముందు తల ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ తిప్పేవాడు. అది నవ్వించడానికి చేసేది కాదు, ఆయన అలవాటే అంత. పిల్లలు మాత్రం పడీపడీ నవ్వేవాళ్లు.

"ఒక తల వచ్చి చెప్పుకునేవాళ్ల మాట వినేదానికి. ఇంగో తల, చెప్పుకోలేనోళ్ల మాట వినేదానికి. కంప్లెయింటు ఇచ్చేవాడికి నోరుంటాది. ఇంగొకడు మూలలో నిలబడుకోని ఉంటాడు చూడు, వాడికి నోరు రాదు. అందుకని వాడికొక తల."

"రెండు తలలూ కొట్లాడుకుంటే ఏట్టయ్యా?"

"కొట్లాడుకోవాలప్పా. కొట్లాడుకుంటేనే నిజం బయటికొచ్చేది. కడుపు ఒకటే కదా, యాడికి పోతాయి?"

సర్కారు కాగితాల మీద ఆ పక్షికి అటూ ఇటూ రెండు మృగాలుంటాయి. ఏనుగు తల, సింహం ఒళ్లు. వాటి గురించి కూడా ఆయన దగ్గర ఒక మాట ఉండేది. "బలం ఒంట్లో ఉండాల, నిదానం తలలో ఉండాల. తిరగబడితే కష్టం." సింహాల కింద సత్యమే గెలుస్తుందని రాసి ఉంటుంది కదా, దాన్ని వేలితో చూపించి, "గెలుస్తాది అనే రాసినారు. ఎప్పుడు అనేది రాయలేదు చూడండి," అని తనే నవ్వేవాడు. ఇవన్నీ ఆయనకు ఎవరైనా నేర్పారా, లేక రోడ్డు మీద నిలబడి నిలబడి తనే అల్లుకున్నాడా, నాకు తెలియదు. పోలీసు పుస్తకాల్లో ఇలా ఉండదని మాత్రం నమ్మకంగా చెప్పగలను.

మా స్కూల్లో పెన్సిలు పోయినా, బొంగరం పోయినా పిల్లలు మా దగ్గరికి వచ్చేవాళ్లు కాదు. నీళ్లు తాగుతున్న ఏట్టయ్య దగ్గరికి పోయేవాళ్లు. ఒకడు ఏడుస్తూ మొత్తం చెప్పుకున్నాక ఆయన చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఆగప్పా. ఇంగో తలను అడగనీ." అని రెండోవాడి వైపు తిరిగేవాడు. ఏ ప్రశ్న అయినా రెండుసార్లు అడిగేవాడు. మొదటిసారి చెప్పిన జవాబు భయంతో చెప్పేదనీ, రెండోసారి చెప్పేది ఆలోచించి చెప్పేదనీ ఆయన లెక్క.

నన్నూ రెండుసార్లు అడిగాడు. ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

ఆ ఏడు ఐదో తరగతి వాళ్లకు రాళ్ల గురించి పాఠం ఉంది. తలా ఒక రాయి తెమ్మన్నాను. ఇరవై మంది పైనే తెచ్చారు. నల్లవి, ఎర్రవి, గులకరాళ్లు. సరోజ తెచ్చింది తెల్లటి రాయి. నడుమ పసుపు పచ్చటి మెరుపు తీగలాగా పోతున్నది. "ఎక్కడిది సరోజా?" అంటే, "మా నాయన తెచ్చిచ్చినాడు టీచర్," అంది. బాగుందని దాన్ని ముందు వరుసలో పెట్టాను. వారం రోజులు రాళ్లన్నీ బీరువాలో ఉన్నాయి. బీరువా తాళం నా దగ్గర.

సరోజ వాళ్ల నాయన చిన్నప్ప భూమి లోపల పనిచేసే మనిషి.

ఆ వారం పిల్లలకు బహుమతులివ్వడానికి గనుల ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. రాళ్లన్నీ చూస్తూ వచ్చి ఆ రాయి దగ్గర ఆగాడు. చేతిలోకి తీసుకున్నాడు. "ఇది ఎవరు తెచ్చారు?" అన్నాడు నవ్వుతూ. నేను గర్వంగా సరోజను పిలిచి నిలబెట్టాను. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన రాయిని చేతిరుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నప్పుడు కూడా నాకు అర్థం కాలేదు.

మా ఊళ్లో మెరుపున్న రాయి ఇంట్లో ఉండడమంటే ఏమిటో బయటివాళ్లకు చెబితే నవ్వుతారు. అది గనిలోంచి వచ్చింది కాదని చూపించుకోవలసిన భారం ఇంటివాళ్లదే. బంగారం దొంగ అన్న మాట పడితే పని పోతుంది, ఇల్లు పోతుంది, వరసగా కట్టిన ఆ గని కూలీల లైను ఇళ్లలో తల ఎత్తుకుని తిరగడం పోతుంది.

రెండు రోజుల తరువాత ఏట్టయ్య స్కూలుకు వచ్చాడు. ఈసారి వరండాలోకి రాలేదు, హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి వచ్చాడు. నీళ్లు వద్దన్నాడు. నన్ను పిలిపించారు. అప్పటికే హెడ్‌మిస్ట్రెస్ నాతో ఒక మాట అని ఉంది: "బీరువా తాళం నీ దగ్గరే ఉంది, వారం రోజులు ఆ రాయి నీ చేతి కింద ఉంది, చూసి మాట్లాడు." నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

"ఆ బిడ్డ ఏమని చెప్పింది టీచరమ్మా?"

"మా నాయన గనిలోంచి తెచ్చాడు అని చెప్పింది."

ఏట్టయ్య రాయడం ఆపాడు. నా వైపు చూశాడు.

"గనిలోంచి అనే మాట ఆ బిడ్డ అనిందా? లేదంటే మీరు అనుకున్నారా?"

అదిగో, రెండోసారి అడిగాడు. ఆలోచించి చెప్పమని. నేను ఆలోచించాను కూడా. అది గని రాయని నాకు తెలియదు, తెచ్చినవాళ్లు తెలిసే తెచ్చారు అని తేలితే నా మీదికి రాదు. అంతే నేను ఆలోచించింది.

"అంది," అన్నాను.

ఆయన తల అటూ ఇటూ తిప్పలేదు. రాసుకున్నాడు. సంతకం పెట్టించుకున్నాడు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు ఒంటిపూట బడి. మధ్యాహ్నమే, మొదటి షిఫ్టు దిగి చిన్నప్ప ఇంటికి వచ్చిన కాసేపటికి, ఏట్టయ్య ఇంకో కానిస్టేబుల్‌తో వాళ్ల లైనుకు పోయాడు. మా ఇల్లు పక్క లైనులోనే. గోలగా ఉంటే నేను గడపలోకి వచ్చి నిలబడ్డాను. అందరూ గడపల్లోకి వచ్చారు. సరోజ సగం అల్లిన జడతో తలుపు పట్టుకుని ఉంది. చిన్నప్ప మామూలుగా మాట్లాడాడు. "చొక్కా మార్చుకుంటా ఏట్టయ్యా, ఒక్క నిమిషం." ఏట్టయ్య బయట నిలబడ్డాడు. తరువాత ఇద్దరూ పక్కపక్కన నడిచి పోయారు, చెయ్యి కూడా పట్టుకోలేదు. కానీ లైనంతా చూసింది.

సాయంత్రానికే ఇంటికి పంపేశారు. రాయిని పరీక్షకు పంపారు, పిలిచినప్పుడు రావాలి, అంతే. పని నుంచి కూడా ఎవరూ తియ్యలేదు. కానీ చిన్నప్ప మరుసటి రోజు పనికి పోలేదు. ఆ మరుసటి రోజూ పోలేదు. నాలుగో రోజు ఇంట్లో లేడు. సరోజ స్కూలుకు రావడం మానేసింది. "పిల్లే చెప్పిందంట గనిలోంచి అని," అని కొళాయి దగ్గర ఆడవాళ్లు అనుకుంటుంటే విన్నాను. బిందె నింపుకుని వచ్చేశాను.

ఒక రోజు చిన్నప్ప భార్య మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"మా అమ్మోళ్ల ఊర్లో బాయి తవ్వేటప్పుడు వచ్చిన రాయమ్మా అది. బాగుండాదని బిడ్డకు తెచ్చిచ్చినాడు. మా అన్నను పిలిపించి చెప్పిస్తా. మీరు ఒక మాట ఏట్టయ్యకు చెప్తారా? మీరు చెప్తే వింటాడు."

ఆమెను పంపించి, కట్టుకున్న చీరతోనే పోలీసు స్టేషన్‌కు పోయాను. ఏట్టయ్య బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఆ మాట సరోజ అనలేదు ఏట్టయ్యా. గనిలోంచి అన్నది నేను చేర్చింది."

"తెలుసమ్మా," అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"మీరు చెప్పేటప్పుడే."

"మరి ఎందుకు రాసుకున్నారు?"

ఒళ్లో ఉన్న టోపీ అంచును వేలితో సరిచేస్తూ ఉండిపోయాడు.

"మీరు చెప్పింది రాయాల, అది నా పని. కానీ ఆ బిడ్డను పిలిచి అడగాల్సింది. అడిగింటే అయిపోయుండు. పదేండ్ల బిడ్డను ఇట్లాంటి దాంట్లో ఏం నిలబెట్టేది అని బేజారయింది. ఊరుకున్నాను. ఇంగో తలను అడగలేదు నేను ఆ పొద్దు. మీ తప్పు మీది, నా తప్పు నాది."

నేను మళ్లీ సంతకం పెట్టాను, ఈసారి ఉన్నది ఉన్నట్టు. పది రోజులకు పరీక్ష కాగితం కూడా వచ్చింది. ఆ రాయిలో బంగారం లేదు. మెరుపు మాత్రమే ఉంది. కేసు లేదు. అప్పటికి చిన్నప్ప ఎక్కడ ఉన్నాడో ఎవరికీ తెలియదు.

ఏట్టయ్య వెతకడం మొదలుపెట్టాడు. సెలవు దొరికినప్పుడల్లా ఒక ఊరు. చివరికి శ్రీనివాసపురం మామిడికాయల మండీలో లారీలకు గంపలు ఎత్తుతున్నాడని ఎవరో చెప్పారు. నాకు కబురు చేశాడు. నేనూ వస్తానన్నాను. నా నోటితో చిన్నప్పకు చెప్పాలని నా మనసులో ఉంది.

బస్టాండులో చూస్తే పూర్తి డ్రెస్సులో ఉన్నాడు. గంజి పెట్టిన ఖాకీ. టోపీ మీద బిళ్ల ఎప్పటికంటే ఎక్కువ మెరుస్తున్నది.

"మామూలు బట్టల్లో పోదాం ఏట్టయ్యా, భయపడతాడేమో," అన్నాను.

"లేదమ్మా. పదిమంది చూస్తా ఉండగా ఖాకీలో పోయి పిలుచుకొచ్చినాను. పదిమంది చూస్తా ఉండగా ఖాకీలోనే చెప్పాల, నువ్వు దొంగవి కాదప్పా అని. పంచె కట్టుకోని పోయి చెవులో చెప్తే అది సొంత మాట అవుతాది. ఇది సర్కారు మాట."

నాకూ అదే సరి అనిపించింది.

మండీ నిండా మామిడికాయలు. రాశులు పోసి వేలం పాడుతున్నారు. వరిగడ్డి, గంపలు, ఒకదాని వెనక ఒకటి లారీలు. కింద చితికిన పండ్లతో నేల జారుడుగా ఉంది. చిన్నప్పను నేనే ముందు చూశాను. తల మీద గంప, లారీ వైపు నడుస్తున్నాడు. చిక్కిపోయాడు. ఏట్టయ్య చెయ్యి ఎత్తి పిలిచాడు, ఆ పెద్ద గొంతుతో.

"చిన్నప్పా!"

చిన్నప్ప తిరిగి చూశాడు. ఆయన మొహం చూశాడో లేదో. టోపీని చూశాడు. గంప వదిలేసి పరిగెత్తాడు.

"నిలబడప్పా! మంచి మాటే! నిలబడు!" అని ఏట్టయ్య వెంట పరిగెత్తాడు. చూసేవాళ్లకు ఏం కనిపిస్తుంది? ముందు ఒక కూలివాడు పరిగెత్తుతున్నాడు. వెనక పోలీసు. "దొంగ, దొంగ" అని ఎవరో అరిచారు. రెండు లారీల సందులో చిన్నప్ప జారి చెయ్యి మీద పడ్డాడు. లేచేలోపల జనం మీద పడ్డారు. ఎవరి చేతిలోనో కట్టె ఉంది.

"కొట్టొద్దండప్పా! దొంగ కాదు! దొంగ కాదు!"

ఏట్టయ్య జనాన్ని తోసుకుంటూ పోయి చిన్నప్ప మీద బోర్లా పడ్డాడు. ఒక దెబ్బ ఆయన వీపు మీద పడింది. ఆ చప్పుడు నాకు వినిపించింది. ఖాకీ మీద దెబ్బ పడేసరికి జనం వెనక్కి తగ్గారు. టోపీ ఎక్కడో పడిపోయి, ఎవరి కాళ్ల కిందనో నలిగింది.

ఏట్టయ్య లేచి నిలబడ్డాడు. చొక్కా జేబులోంచి కాగితం తీశాడు. పెద్ద గొంతుతో చదివాడు, కన్నడంలో ఉన్నది ఉన్నట్టు. తరువాత తెలుగులో చెప్పాడు. ఈ మనిషి చిన్నప్ప. ఈ మనిషి ఏ తప్పూ చెయ్యలేదు. రాయిలో బంగారం లేదు. కేసు లేదు. సగం చదివేలోపలే జనం వేలం వైపు పోయారు. చివరిదాకా విన్నది నలుగురో ఐదుగురో.

చిన్నప్ప చేతి మణికట్టు విరిగింది. దాన్ని ఇంకో చేత్తో పట్టుకుని కింద కూర్చునే విన్నాడు. ఆయన కళ్లల్లో కోపం లేదు. నేను ఆ కోపం కోసమే వెతికాను.

"ఈ మాట ఒక కార్డు ముక్క మీద రాసి ఇంటికి పంపింటే సరిపోయుండు కదా ఏట్టయ్యా," అన్నాడు.

ఏట్టయ్య కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు నేను ముందుకు పోయాను. "చిన్నప్పా, అసలు..." అన్నాను.

"టీచరమ్మా, పోయి నీళ్లు తెండి," అన్నాడు ఏట్టయ్య గట్టిగా. నా మాట తుంచేశాడు. నేను నీళ్లు తేవడానికి పోయాను.

ఆస్పత్రిలో కట్టు కట్టించి చిన్నప్పను బస్సులో మాతోనే తీసుకొచ్చాం. ఆయన కిటికీ దగ్గర నిద్రపోయాడు. ఏట్టయ్య నలిగిన టోపీని ఒళ్లో పెట్టుకున్నాడు, బిళ్ల తన వైపుకు తిప్పుకుని. మామిడి రసం ఎండిపోయి దాని మీద ఈగలు వాలుతున్నాయి. తోలలేదు.

"నన్నెందుకు చెప్పనివ్వలేదు?" అని మెల్లగా అడిగాను.

"ఆ మనిషి బిడ్డ రేపు మళ్లీ మీ క్లాసులోనే కూచ్చోవాల. మీ మొహం చూసి చదువుకోవాల. ఇది తెలిస్తే ఇంగ మీ మొహం చూస్తాదా? వాళ్ల నాయన పంపిస్తాడా? ఆ బిడ్డకు టీచరు కావాలమ్మా. మీరు చెప్పుకుంటే మీ బరువు దిగుతాది, అంతే. మొయ్యండి కొన్నాళ్లు. నేనూ ఎవురితోనూ అనను."

నాకు ఆ మాటతో ఎంత హాయి కలిగిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

చిన్నప్ప మణికట్టు సరిగా అతకలేదు. డ్రిల్లు పట్టుకునే పనికి మళ్లీ పోలేదు. లైను చివర చిల్లర సామాన్ల బంకు ఒకటి చిన్నది పెట్టుకున్నాడు. సరోజ నెల తరువాత స్కూలుకు వచ్చింది. బాగా చదివే పిల్ల. కానీ ఆ ఏడంతా ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తలేదు. తెలిసిన జవాబుకు కూడా. నేను పేరు పెట్టి అడిగితే లేచి నిలబడి, "తెలియదు టీచర్," అనేది.

ఏట్టయ్య ఎప్పటిలాగే పిల్లలను రోడ్డు దాటించేవాడు. కొత్త టోపీ వచ్చింది. పక్షికి రెండు తలలెందుకని ఎవరైనా అడిగితే, "అది అట్లే పుట్టింది నాయనా," అనేవాడు. ఒకసారి ఇద్దరు పిల్లలు కొట్లాడుకుని వస్తే, "మీ టీచరు దగ్గరికి పోండి," అని మా వైపు చూపించాడు. రిటైరయ్యాక లక్కూరుకు పోయి సొంత చేలో ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు, వేసుకున్నాడు. ప్రతి ఏడూ పంట తీసినప్పుడు ఒక మూట చిన్నప్ప ఇంటికి తెచ్చి ఇచ్చేవాడట. బంకు ముందర కూర్చుని గంటల తరబడి ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదట. గనులు మూతపడ్డాక కూడా వచ్చాడు. చిన్నప్ప పోయాక కూడా వచ్చాడు. ఇవన్నీ సరోజ చెప్పగా విన్నవే. మా ఇంటికి ఆయన ఎప్పుడూ రాలేదు. నేనూ పిలవలేదు.

రైల్వే స్టేషన్లో సరోజ ఆ కబురు చెప్పిన తరువాతి ఆదివారం సరోజా నేనూ కలిసి లక్కూరు పోయాం. చిన్న ఇల్లు. గోడ మీద ఆయన ఫోటో, తెల్ల చొక్కాలో. యూనిఫాం ఫోటో ఒక్కటీ లేదు. ఆయన భార్య మమ్మల్ని ఊరికే పంపలేదు. ఆకులు వేసి, రాగిముద్ద, ఉర్లగడ్డ పులుసు వడ్డించింది. ఆమెకు సరోజ బాగా తెలుసు, నేను తెలియదు.

"మీరెవరమ్మా?"

"మా ఐదో క్లాసు టీచరమ్మా," అంది సరోజ.

పెద్దావిడ మా ముందర కూర్చుంది. మాట చిన్నప్ప మీదికి పోయింది.

"మా ఆయప్ప పోయేముందు పది దినాలు అదే మాటమ్మా. శ్రీనివాసపురం, శ్రీనివాసపురం. జరంలో కూడా, కొట్టొద్దండప్పా అని అరిచేవాడు. ఎవురో ఒక మాట ఎక్కువ చెప్పినారంట చిన్నప్ప మీద. దాంతోనే వచ్చిందంట ఇదంతా. ఎవురయ్యా అది అని ఎన్ని తూర్లు అడిగినానో. చెప్పలేదు. నాతో కూడా చెప్పలేదు. మీరు ఆ కాలంలో ఆడే ఉంటిరి కదా టీచరమ్మా, మీకేమైనా తెలుసునా?"

చేతిలో ముద్ద ఉంది. సరోజ నా పక్కనే, నా మోచెయ్యి తగిలేంత దగ్గరలో కూర్చుని ఉంది. కొన్నాళ్లు మొయ్యమన్నాడు ఆయన. కొన్నాళ్లు అంటే ఎన్నాళ్లో చెప్పకుండా పోయాడు.

"నేనేనమ్మా," అన్నాను. "గనిలోంచి అన్న మాట నేను చేర్చాను. సరోజ అనలేదు. నా ఉద్యోగం పోతుందని భయపడి చెప్పాను."

పెద్దావిడ నా మొహం వైపు చాలాసేపు చూసింది. తరువాత లేచి లోపలికి పోయింది. సరోజ ఆకు మడిచింది. బయటికి పోయి చెయ్యి కడుక్కుంది. నేను కూడా లేచాను. వెళ్లొస్తానంటే పెద్దావిడ తల మాత్రం ఊపింది.

లక్కూరు నుంచి మాలూరు దాకా బస్సులో సరోజ నా ముందు సీట్లో కూర్చుంది. ఆమె జడ, మెడ మాత్రం నాకు కనిపిస్తున్నాయి. జడలో నెరిసిన వెంట్రుకలున్నాయి. తిట్టమనీ, ఏదో ఒకటి అనమనీ మనసులో బతిమాలుకుంటున్నాను. మాలూరు ఇంకా రాకముందే ఆమె లేచి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆ పొద్దు నేను ఏమన్నాను టీచర్? సరిగ్గా చెప్పండి."

"'మా నాయన తెచ్చిచ్చినాడు' అన్నావు."

"అంతేనా?"

"అంతే."

"గనిలోంచి అనలేదా నేను?"

"అనలేదు తల్లీ."

ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. వాటినే చూస్తూ మాట్లాడింది.

"లైన్లో అందరూ నేనే అన్నాను అన్నారు టీచర్. మా అమ్మ కూడా అనింది. స్టేషన్లో టీచరే అట్లని రాసిచ్చింది అన్నారు. టీచరు అబద్దం ఎందుకు చెప్తాది? నేనే అనింటాను, మర్చిపొయినాను అనుకున్నాను. మా నాయన చెయ్యి చూసినప్పుడంతా అదే. ఆయన పోయే పొద్దు కూడా కాళ్లు పట్టుకోని, నేనే అన్నాను నాయనా, అని చెప్పినాను. పోనీలే బిడ్డా, అన్నాడు."